పేను కొరకలేదు

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో నేను ఎప్పుడూ వెళ్లే క్షౌరశాలలో, కిందటి వేసవిలో, మెడకు కాస్త పైన దువ్వెన ఆపి, "ఈడ పేను కొరికినట్టుండాది సార్" అన్నాడు అతను. వెనక రెండో అద్దం పట్టి చూపిస్తే రూపాయి బిళ్లంత మేర నున్నగా, వెంట్రుక జాడ లేకుండా ఉంది. దురద గానీ నొప్పి గానీ లేకపోవడం వల్ల అది ఎప్పుడు మొదలైందో నాకు తెలియనే లేదు.

అమ్మ గురివింద గింజ అరగదీసి రాసింది. అది విషపు గింజ; మూడో రోజుకు చర్మం బొబ్బలెక్కింది. మందుల షాపులో తామర అని చెప్పి ట్యూబు ఇచ్చారు. నెల రోజులు పూసినా పక్కనే ఇంకో మచ్చ లేచింది. ముక్క కోసి పరీక్షకు పంపుతారని ఎవరో అనగా విని, చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లడం మరో మూడు వారాలు వాయిదా వేశాను.

ఆమె కత్తెర కూడా ముట్టలేదు. మచ్చ అంచున యాభై, అరవై వెంట్రుకలను మూడు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగితే ఎనిమిది ఊడి వచ్చాయి. ఐదారుకు మించి వస్తే జబ్బు ఇంకా నడుస్తున్నట్టేనట. తర్వాత టార్చిలైటులాంటి డెర్మోస్కోపును తలకు ఆనించి, ఫోనులో ఫొటో తీసి చూపించారు. పదింతలు పెద్దదిగా కనిపించిన నా చర్మం మీద పసుపు చుక్కలూ, వెంట్రుక మొదట్లోనే విరిగిన చోట నల్ల చుక్కలూ, వాటి మధ్య పైన లావుగా, కుదుళ్ల దగ్గర సన్నగా ఉన్న పొట్టి వెంట్రుకలూ ఉన్నాయి. "ఇవి ఆశ్చర్యార్థకాలు. తామరైతే వెంట్రుకలు కామాల్లా వంగుతాయి, పొట్టు లేస్తుంది" అన్నారామె. ముప్పై ఏళ్లుగా పిల్లల జవాబు పత్రాల్లో విరామ చిహ్నాలు దిద్దుతున్న నాకు అంతకంటే బాగా ఎవరూ బోధించలేరు.

చీటీ మీద అలోపీషియా ఏరియేటా అని రాశారు. పేనుకు దీనితో సంబంధం లేదనీ, శరీర రక్షణ వ్యవస్థే జుట్టు కుదుళ్ల మీద దాడి చేస్తుందనీ, రంధ్రాలు మూసుకుపోలేదు కనుక జుట్టు తిరిగి వచ్చే అవకాశం ఉందనీ చెప్పారు. థైరాయిడ్ పరీక్షకు మాత్రం రక్తం తీశారు; అది బాగానే ఉంది. నెలకొకసారి మచ్చల్లోకి సన్నసూదితో స్టెరాయిడ్ ఇచ్చారు, చురుక్కుమనేది, అంతే.

మూడో విడత తర్వాత క్షవరానికి వెళ్తే, "తెల్లగా మొలిచినాయి సార్, రంగెయ్యమంటారా?" అన్నాడతను. వద్దన్నాను, డాక్టరమ్మ ఇంకో ఫొటో తీయాల్సి ఉంది.