మిర్చి మంచిచెడ్డలు తేలేది కల్లంలోనే

మా చుట్టాల్లో ఎవరు కలిసినా ఒకటే అడుగుతారు. "మీ కంపెనీలో ల్యాబ్ ఉంది కదమ్మా, టెస్టులో పాసైన కారమే కదా బయటికొచ్చేది, ఇంకా టెన్షన్ దేనికి?" అని. గుంటూరు దగ్గర ఒక మిర్చి ప్రాసెసింగ్ యూనిట్‌లో నేను క్వాలిటీ చూస్తాను. యార్డులో కాయ కొనడం దగ్గర్నుంచి కారం సంచులు కంటైనర్‌కి ఎక్కేదాకా ప్రతి మెట్టులోనూ నా సంతకం ఉంటుంది. పెళ్లిలో భోజనాల దగ్గర నిలబడి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ల్యాబ్ చెప్పేది అప్పటికే జరిగిపోయిన సంగతి. కాయలో విషం చేరిందో లేదో చెబుతుంది, చేరినదాన్ని తీసెయ్యలేదు. నేను ఎక్కువగా భయపడే అఫ్లాటాక్సిన్ విషయంలో ఇది మరీ నిజం. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే విషం ఇది. బూజుని చంపొచ్చు, ఆవిరి పట్టించి శుద్ధి చెయ్యొచ్చు, కానీ అది అప్పటికే వదిలిన విషం అలాగే ఉంటుంది. మనం వంటింట్లో పెట్టే వేడికి అది పోదు. పోపులో వేయించినా, పులుసులో మరిగించినా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కారం ఘాటులో తేడా తెలియదు.

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు ఉన్నట్టుండి చనిపోతే, వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. మన దేశంలో ఇంకా ఘోరం జరిగింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. లివర్ దెబ్బతిని, కామెర్లు వచ్చి, పొట్టలో నీరు చేరి పోయారు. దాని వెనక ఉన్నది అఫ్లాటాక్సినే అని పరిశోధించి తేల్చింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు. ఆ గ్రామాలవాళ్లు తినేది అదే గింజ, రోజూ అదే. కారం మనం అంత తినం కాబట్టి ఆ రకంగా ఒక్కసారిగా ప్రాణం మీదకు రాకపోవచ్చు. కానీ అఫ్లాటాక్సిన్ బి1 మనిషికి లివర్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి, రుజువైన క్యాన్సర్ కారకాల మొదటి తరగతిలో పెట్టింది. ఆంధ్రా ఇంట్లో కారం లేని పూట ఏది?

యూరప్‌వాళ్ల లెక్కలో ఎండుమిర్చిలో బి1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు, అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 దాటకూడదు. మన దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ మసాలా దినుసులకు పెట్టిన మొత్తం హద్దు 30. ఈ 5 అనే అంకె ఎంత చిన్నదో చూడండి. పది టన్నుల లారీ సరుకు మొత్తం కలిపి 50 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కూడా అంతకంటే ఎక్కువే తూగుతుంది.

ఆ కొంచెం కూడా లారీ అంతటా సమంగా ఉంటే నా పని తేలికయ్యేది. అలా ఉండదు. వేల కాయల్లో ఎక్కడో ఒకటి పుచ్చు పట్టి, లోపల బూడిదరంగు బూజుతో నిండి ఉంటుంది. ఆ ఒక్క కాయలోనే విపరీతమైన విషం ఉండొచ్చు. నేను తీసిన మచ్చులో ఆ కాయ పడితే లారీ ఫెయిల్, పడకపోతే పాస్. అందుకే ఒకే లారీకి రెండు ల్యాబులు రెండు రిపోర్టులు ఇస్తే వాళ్లలో ఎవరో అబద్ధం చెప్పారని అనుకోను. మచ్చు ఎన్ని టిక్కీల్లోంచి, అంటే మిర్చి బస్తాల్లోంచి తీశారు, టిక్కీ పైపైనే తీశారా, మధ్యలోకి చెయ్యి పెట్టారా, తీసిందంతా కలిపి పొడి చేసి అందులోంచి తూచారా అని అడుగుతాను. లారీ తలుపు దగ్గరున్న నాలుగు టిక్కీల్లోంచి గుప్పెడు కాయ తెచ్చి ఇస్తే, ల్యాబులో ఎంత ఖరీదైన మిషన్ ఉన్నా ఏం లాభం?

కాబట్టి అసలు పని కల్లంలో, అంటే రైతు కాయ ఆరబోసే చోట. చెట్టు మీద పండిన కాయ కోసేనాటికి అందులో సగం కంటే ఎక్కువ నీరే. దాన్ని పది, పదకొండు శాతం తేమకు తేవాలి. ఎండ బాగుంటే పది పదిహేను రోజులు. ఈ రోజుల్లోనే అంతా ఉంది. జనవరి, ఫిబ్రవరిల్లో రాత్రిపూట మంచు కురుస్తుంది. సాయంత్రం కాయను కుప్పజేసి పట్ట కప్పకపోతే పగలు ఆరిందంతా తెల్లారేసరికి మళ్లీ నిమ్ము పడుతుంది. కప్పిన పట్ట పొద్దున్నే తియ్యకపోయినా కింద ఉక్కపోసి అదే జరుగుతుంది. మట్టినేల మీదే పోస్తే అడుగు కాయ చెమ్మ పీలుస్తుంది, మట్టిలో ఉండే బూజు విత్తనాలు అంటుకుంటాయి. కాయకుళ్లు వచ్చిన కాయ, పురుగు తొలిచిన కాయ ముందే ఏరెయ్యాలి, ఎందుకంటే బూజుకి దారి ఆ చిల్లే. ఇక మార్చిలో అకాల వర్షం పడితే కల్లాల దగ్గర ఆ రాత్రి ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. ఇంటిల్లిపాదీ పట్టలు పట్టుకుని పరుగెడతారు.

ఇదంతా రైతులకు తెలియదా? నాకంటే బాగా తెలుసు. ఒకసారి ప్రత్తిపాడు వైపు ఒక కల్లంలో కాయ చేతిలోకి తీసుకుంటే మెత్తగా వంగింది, నీళ్లు చిలకరించినట్టు తెలుస్తోంది. "బాబాయ్, బాగా ఎండిన కాయని మళ్లీ తడిపారేంటి?" అన్నాను. ఆయన దాచుకోలేదు.

"గలగలమనేలా ఎండబెట్టానమ్మా. అలాగే టిక్కీలోకి తొక్కి నింపితే సగం ముక్కలైపోద్ది. ముక్కలైతే కొనేవాడు రేటు కోస్తాడు. పైగా ఎండినకొద్దీ తూకం తగ్గిద్ది. ఆ తగ్గిన తూకానికి మీ కంపెనీ డబ్బులిస్తదా చెప్పు?"

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. లెక్క వేసి చూశాను. పద్నాలుగు శాతం తేమతో ఉన్న క్వింటాల్ కాయను పది శాతానికి ఎండబెడితే మిగిలేది 95 కిలోల ఆరు వందల గ్రాములు. నాలుగున్నర కిలోలు గాలికి పోయినట్టే. క్వింటాల్ ధర 15 వేలు అనుకుంటే 650 రూపాయలకు పైనే నష్టం. ఎకరానికి ఇరవై క్వింటాళ్లు దిగుబడి వస్తే పదమూడు వేలు. కౌలు కట్టి, పురుగుమందులకు అప్పుచేసిన మనిషిని, కొనేవాడి ఆరోగ్యం కోసం ఎకరానికి పదమూడు వేలు వదులుకోమని అడుగుతున్నామన్నమాట. ఆ తడిని మేం తప్పు అని రాసుకుంటాం. ఆయనకు అది కూలి డబ్బు.

పురుగుమందుల ఊసు ఎత్తితే ఇంకో పోస్టు అవుతుంది. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి పూత మీద పడ్డప్పుడు, ఎవరు ఏ సీసా ఇస్తే అది కొట్టారు. మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో ఆలోచించే పరిస్థితి లేదు, ఎందుకంటే ఆ రైతు అప్పటికే సగం పంట పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది మా ఇన్‌కమింగ్ రిపోర్టుల్లో ఎన్ని రకాల మందుల అవశేషాలు కనిపించాయో చూస్తే బాధేసింది.

కల్లం దాటాక యార్డు. గుంటూరు యార్డులో రైతు సరుకు కమీషన్ ఏజెంటు కొట్టు దగ్గర దిగుతుంది. ఇరవై, ముప్పై, నలభై టిక్కీలు. ఏజెంటు పుస్తకంలో రైతు పేరు, ఊరు, తూకం, రేటు అన్నీ ఉంటాయి. అంటే అక్కడిదాకా కాయకు పుట్టుపూర్వోత్తరాలు ఉన్నాయి. ఆ తర్వాత వ్యాపారి పదిమంది దగ్గర కొన్నది ఒక లారీ చేస్తాడు. గోతాం మీద తన మార్కా పడుతుంది. రైతు పేరు అక్కడితో పోతుంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. తప్పుడు సరుకు మార్కెట్‌లోంచి వెనక్కి తెప్పించే బాధ్యత అందులో స్పష్టంగా ఉంది. కానీ ఒక లాట్ కారంలో దోషం తేలితే వెనక్కి వెళ్లి ఏ కల్లంలో తడిసిందో కనుక్కోవడానికి దారి యార్డు గుమ్మం దగ్గరే తెగిపోయి ఉంటుంది. పదిమందిలో తొమ్మిదిమంది బాగా ఎండబెట్టినా, పదో కాయతో కలిపి పొడి చేస్తే ఆ తొమ్మిదిమంది కష్టమూ పోయినట్టే.

తెగిన దారి ఎంత ఖరీదో లోకం ఒకసారి చూసింది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన మిర్చి సరుకులో సూడాన్ రంగు, అంటే తిండిలో వాడకూడని ఎర్రరంగు ఉందని ఫ్రాన్స్ పట్టుకుంది. ఆ తర్వాతే ఎగుమతయ్యే మిర్చికి స్పైసెస్ బోర్డు తప్పనిసరి పరీక్షలు పెట్టింది. 2005లో బ్రిటన్‌లో ఆ రంగున్న కారంపొడి ఒక సాస్‌లోకి, ఆ సాస్ రకరకాల తిండి పదార్థాల్లోకి పోయి నాలుగు వందలకు పైగా రకాల సరుకుల్ని దుకాణాల్లోంచి తీసేయాల్సి వచ్చింది. సూడాన్ రంగు కావాలని చేసే కల్తీ, అఫ్లాటాక్సిన్ ఎవరూ కావాలని చేసేది కాదు. కానీ ఒక చిన్న దినుసు ఎన్ని గిన్నెల్లోకి చేరుతుందో తెలిశాక రెండిటికీ ఒకేలా భయపడతాను.

కోల్డ్ స్టోరేజీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. లోపల పెట్టినప్పుడు కాయ బాగానే ఉంటుంది. మేలో చల్లటి గదిలోంచి టిక్కీని సరాసరి బయటి ఎండలోకి తెస్తే గోతాం మీద చెమ్మ పడుతుంది, లోపలికి దిగుతుంది. వెంటనే గాలి ఆడేలా పరిచి, ఆరనిచ్చి, అప్పుడు మరకు పంపాలి. ఆర్డర్ తొందరలో ఆ ఒక్క పూట ఆగడానికి చోటుండదు. ఎక్కువ తగాదాలు పడేది నేను అక్కడే. ఆ తగాదాలో వెనక్కి తగ్గను.

మా షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్ల గురించి రాయకపోతే ఈ పోస్టు పూర్తవదు. రంగు చూసి ఏరే మిషన్ కాయ పైతోలునే చూస్తుంది. వీళ్లు తొడిమ పట్టుకోగానే తెలుసుకుంటారు. తొడిమ దగ్గర నల్లబడిందా, కాయ మామూలు కంటే తేలిగ్గా ఉందా, గింజ శబ్దం మందగించిందా. ఒకావిడ విరిచి చూపించిన ప్రతి కాయలోనూ బూజుంది, పైకి ఎర్రగా నిగనిగలాడుతూ. వాళ్లకు కిలోల లెక్కన కూలి కడితే ఎవరూ విరిచి చూడరు, చూడాలంటే తీరిక ఉండాలి. రోజుకూలి చెయ్యమని, ఏరిన పుచ్చిన మిరపకాయకు విడిగా డబ్బివ్వమని మేనేజ్‌మెంట్‌ను పట్టుబట్టి ఒప్పించాం. నాకు ఈ ఉద్యోగంలో బాగా నచ్చిన పని అది.

ఇక అన్నిటికంటే నాకు మంట పుట్టించే సంగతి. మేం వద్దన్న లారీ ఎక్కడికి పోతుంది? గేటు దగ్గర మా రిజిస్టర్‌లో "తిరస్కరించబడింది" అని రాస్తాం. లారీ వెనక్కి తిరుగుతుంది. కాయ చెత్తలోకి మాత్రం పోదు, దానికి లక్షల ఖరీదుంది. తక్కువ రేటుకు ఇంకొకరు కొంటారు. రంగు పోయిన తాలుకాయ, విరిగిన ముక్క, పుచ్చు కలిసి పొడి అయ్యాక దాన్ని చూసి ఎవరూ కనిపెట్టలేరు. పరాయి దేశానికి పనికిరాదని మేం సంతకం పెట్టిన సరుకు మన ఊళ్లో చవక ప్యాకెట్టులోకి, రోడ్డు పక్క బండి మీది బజ్జీలోకి, హాస్టల్ సాంబార్లోకి వస్తే, నా క్వాలిటీ సర్టిఫికెట్ ఎవరిని కాపాడినట్టు? తిరస్కరించిన ప్రతి లాట్ వివరమూ ఆహార భద్రతా అధికారికి వెళ్లాలి, దాన్ని ఏం చేశారో చివరిదాకా కాగితం ఉండాలి. ఈ మాట ప్రతి మీటింగులో అంటున్నాను, అంటూనే ఉంటాను.

పోయిన సీజన్ నుంచి మా యూనిట్ కొన్ని ఊళ్ల రైతులతో నేరుగా మాట్లాడుకుంది. తూకం మామూలుగానే వేస్తాం, కానీ తేమను రైతు ముందే మిషన్‌తో కొలిచి, పది శాతం లెక్కకు కట్టి డబ్బిస్తాం. బాగా ఎండబెట్టినందుకు పోయిన కిలోలు రేటులో తిరిగొస్తాయి. టార్పాలిన్ పట్టలు మేమే ఇచ్చాం. టిక్కీలో రైతు పేరు, కోత తేదీ ఉన్న చీటీ వేసి కుడతాం, మరలో పోసేదాకా ఆ లాట్ విడిగానే ఉంటుంది. ముక్కలైన కాయకు రేటు కొయ్యం, ఎలాగూ పొడి చేసేదే కదా. నీళ్లు చిలకరించడం ఆ ఊళ్లలో దాదాపు ఆగిపోయింది. ఎవరూ ఎవరికీ క్లాసు పీకలేదు. నన్ను ఆ ప్రశ్న అడిగిన బాబాయ్ కూడా వీళ్లలో ఉన్నారు.

ఇప్పుడు ఏడాదికి సరిపడా కారం ఆడించుకునే రోజులు కాబట్టి ఇళ్లలో వాళ్లకు నాలుగు మాటలు. పొడి కంటే కాయ కొనండి. పది కాయలు చేత్తో విరిచి లోపల చూడండి, బూడిదరంగు గానీ నలుపు గానీ కనిపిస్తే ఆ గోతాం వదిలెయ్యండి. వంగే కాయ కొనకండి, విరిగే కాయ కొనండి. చవగ్గా వస్తోందని తాలు కలిపించకండి. ఇంటికి తెచ్చాక రెండు రోజులు మంచి ఎండలో పెట్టి, తొడిమలు మీరే తీసి, వేడి తగ్గాక మరకు పంపండి. మరలో మీకంటే ముందు ఎవరి కాయ ఆడారో అడగండి, అడిగితే మర అబ్బాయి ఏమీ అనుకోడు. కారం పూర్తిగా చల్లారాకే జాడీలో పెట్టండి, తడి గరిటె పెట్టకండి. కొట్టువాడు కాయ విరవనివ్వకపోతే పక్క కొట్టుకు వెళ్లండి.