సేతి రాజు, 32 యూరోలు

2026 జనవరి నుంచి లూవ్ర్ మ్యూజియం టికెట్ యూరప్‌వాళ్ళకి 22 యూరోలు, మనలాంటి బయటివాళ్ళకి 32. ఇదేం అన్యాయమని గొణుక్కుంటుంటే, పారిస్‌లోనే ఉంటున్న మా బావమరిది, "చార్మినార్‌లో మనకి పాతిక, ఫారినర్లకి మూడొందలు కాదా బావా?" అని నోరు మూయించాడు.

మోనాలిసా గదిలో కనిపించినవి జనం తలలూ, పైకెత్తిన ఫోన్లూ. విసుగొచ్చి ఈజిప్టు విభాగం వైపు నడిచాం.

అక్కడ ఓ రాయి దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. సున్నపురాయి మీద చెక్కి రంగులు వేసిన శిల్పం, నాకంటే ఎత్తుంది. ప్రాచీన ఈజిప్టును ఏలిన సేతి రాజు, అక్కడి హాథోర్ దేవత ఎదురెదురుగా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డారు. ఆమె తన పూసల హారాన్ని అతనికి అందిస్తోంది. రాజు కట్టుకున్న బట్ట ఎంత పల్చనిదంటే లోపల కాలు కనిపిస్తుంది. రాతిలో అది ఎలా సాధించారో! దేవత చీరలాంటి దుస్తుల మీది పూసల అల్లికలో రాజుకి దీర్ఘాయుష్షు కోరే అక్షరాలు ఇమిడ్చారట. మూడువేల ఏళ్ళు దాటినా ఎరుపు ఇంకా ఎరుపే.

పక్కనే ఓ పెద్దాయన కొడుక్కి అరబిక్‌లో ఏదో చెబుతున్నాడు. మాటలు కలిపితే కైరో అన్నాడు. "ఈయన మమ్మీ మా ఊళ్ళోనే ఉంది. శవపేటిక లండన్‌లో. ఈ రాతి జోడీ ఫ్లోరెన్స్‌లో. నేనూ 32 కట్టే లోపలికొచ్చాను" అని నవ్వాడు. కోపంగా అనుంటే బాగుండేదనిపించింది.

ఈ రాయి ఒకప్పుడు ఈజిప్టులో సేతి సమాధిలో ఉండేది. ఆ సమాధిని బెల్జోనీ అనే ఇటలీ అన్వేషకుడు 1817లో కనిపెట్టాడు. ఆ తర్వాత పదేళ్ళు దాటాక, ఈజిప్టు చిత్రలిపిని ఛేదించిన ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ అక్కడికి వెళ్ళి, గుమ్మానికి అటూ ఇటూ ఉన్న శిల్పాలని కోయించాడు. ఒకటి ఫ్రాన్స్‌కి, ఇంకోటి అతనితో వచ్చిన ఇటలీవాళ్ళకి. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు. ఆ లిపి విలువ అందరికంటే బాగా తెలిసినవాడే ఆ పని చేయడం నాకు మింగుడు పడలేదు.

"అక్కడే ఉంటే పాడైపోయేది కదా బావా" అన్నాడు మావాడు. అక్కడ పాడుచేసిందెవరు? అచ్చులు తీసుకుంటామని గోడలకి తడికాగితాలు అద్దిన యూరప్‌వాళ్ళే చాలా రంగు ఊడగొట్టారు. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూసినప్పుడూ నాకిదే మంట. అది చెప్పగానే మావాడు అందుకున్నాడు. "మరి వాటిలో ఎన్నింటినో కాల్చి సున్నం చేసుకున్నది మనూరివాళ్ళే కదా?"

అదీ నిజమే. మెట్రో ఎక్కేదాకా వాదించుకుంటూనే ఉన్నాం. నేనైతే ఒప్పుకోలేదు.