ఆరో తరగతి రిజిస్టరు నుంచి మొదలుపెట్టండి

పదో తరగతి గ్రూప్ ఫొటోతో మొదలుపెడితే మూడో వంతు క్లాసు అక్కడే జారిపోతుంది. పాత క్లాసు స్నేహితుల్ని వెతికి మళ్లీ ఒకచోట కలవాలనుకునే ఎవరైనా మొదట బయటికి తీసేది ఆ ఫొటోనే. మేమూ అదే తీశాం. మాది ఉత్తర చెన్నైలో తెలుగు మీడియం హైస్కూలు. 1983లో ఆరో తరగతిలో చేరి 1988లో పదో తరగతి పరీక్షలు రాసిన క్లాసు. ఫొటోలో 46 మంది ఉన్నారు. ఆరో తరగతి అడ్మిషన్ రిజిస్టరు తీస్తే 64 పేర్లు, మధ్యలో వచ్చి చేరినవాళ్లు ఇంకో ఏడుగురు. అంటే 71 మందిలో 25 మంది ఫొటోలో లేరు. తండ్రి పోయి ఎనిమిదిలోనే దుకాణంలో కూర్చున్నవాడు, తొమ్మిది తప్పి ఆగిపోయినవాడు, పెద్దమనిషి అయ్యాక బడి మాన్పించేసిన పిల్లలు, నాన్నకి బదిలీ అయి ఊరు వదిలినవాళ్లు. మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి ఒక్క ఫొటోలో లేకపోయినంత మాత్రాన మన క్లాసు కాకుండా పోడు. అందుకే 'ఎనభై ఎనిమిది బ్యాచ్' అన్న పేరు పక్కన పెట్టి 'ఎనభై మూడులో ఆరో తరగతి' అని పెట్టుకున్నాం. ఆ తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఇదే కొలబద్ద అయింది.

రిజిస్టరు చూడాలంటే హెచ్.ఎం.కి ఉత్తరం ఇవ్వాలి. నలుగురు పాత విద్యార్థుల సంతకాలు, వాళ్ల మార్కుల షీటో టీసీనో జిరాక్సు జతచేస్తే కాదనరు. అడ్మిషన్ల హడావిడి ఉండే జూన్‌లో, పబ్లిక్ పరీక్షలుండే మార్చి, ఏప్రిల్‌లో వెళ్లకండి. ఆగస్టు మంచిది. పేజీని ఫోన్‌తో ఫొటో తీయొద్దు. ఆ వరసలోనే కులం, పుట్టినతేదీ అన్నీ ఉంటాయి. గ్రూపులో ఒకసారి తిరిగితే మళ్లీ వెనక్కి తీసుకోలేం. పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, టీసీ తీసుకున్న తేదీ, ఈ నాలుగూ చేత్తో రాసుకుంటే చాలు. రిమార్కుల గడిలో కొన్నిచోట్ల ఏ ఊరికి వెళ్లారో కూడా రాసి ఉంటుంది. మాకు నెల్లూరు, గూడూరు వెళ్లిన ఇద్దరు అలాగే దొరికారు.

రెండో ఆధారం ఆటోగ్రాఫ్ పుస్తకం. పదో తరగతి చివర్లో రాయించుకున్నవి ఆడవాళ్ల దగ్గరే ఎక్కువ భద్రంగా ఉన్నాయి. అందులో చిరునామాలు ఉంటాయి గానీ నేరుగా పనికిరావు. చెన్నైలో ఇళ్లకి పాత నంబరు, కొత్త నంబరు అని రెండుంటాయి. 1988లో రాసింది పాతది. వీధికి వెళ్లి గుమ్మం మీద పెద్దగా కనిపించే నంబరు చూసి తలుపు కొడితే వేరే ఇల్లే అవుతుంది. బోర్డు మీద 'పాత' అన్న అంకెనే చూడాలి. వీధి పేరు సగం చెరిగిపోయినా కంగారు పడక్కర్లేదు, కింద మద్రాస్-21 అనో మద్రాస్-13 అనో ఉంటుంది. 21 అంటే పాత వాషర్‌మెన్‌పేట, 13 రాయపురం, 81 తండయారుపేట, 11 పెరంబూరు. ఇప్పటి పిన్‌కోడ్ చివరి రెండంకెలే అవి. ఇల్లు అమ్మేసి వెళ్లిపోయుంటే పక్కింటివాళ్లనీ, ఆ వీధి మొదట్లో ఇస్త్రీ బండి అతన్నీ, దగ్గర్లోని గుడి పూజారినీ అడగండి. ఇళ్లు చేతులు మారినా వీళ్లు చాలావరకు అక్కడే ఉంటారు. మనిషి దొరక్కపోతే ఆ ఇంటి మిగతా పిల్లల్ని వెతకాలి. ఒకే ఇంటి పిల్లలు ఒకే బళ్లో చదివిన కాలం అది. మాకు 71లో పద్నాలుగు మంది అక్కల ద్వారా, తమ్ముళ్ల ద్వారానే దొరికారు.

ఫేస్‌బుక్‌లో వెతికేముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి. చెన్నై తెలుగువాళ్ల ఇనిషియల్ పెద్ద చిక్కుముడి. రిజిస్టరులో 'జి. రమణ' అని ఉంటే ఆ 'జి' ఇంటిపేరా, తండ్రి పేరా? తెలుగు పద్ధతిలో రాయించినవాళ్లది ఇంటిపేరు, తమిళ పద్ధతిలో రాయించినవాళ్లది తండ్రి పేరు. ఇద్దరూ ఒకే క్లాసులో ఉంటారు. తండ్రి పేరు ఇనిషియల్‌గా ఉన్నవాడు పాస్‌పోర్టుకి దాన్ని విడదీసి రాస్తే, విదేశాల్లో ఆ తండ్రి పేరే ఇంటిపేరుగా చలామణీ అవుతుంది. ఇంటిపేరుతో పదేళ్లు వెతికినా దొరకడు. ఆడవాళ్లకి పెళ్లితో ఇనిషియలే మారిపోతుంది. 'కె. పద్మ' భర్త పేరు రవి అయితే 'ఆర్. పద్మ' అవుతుంది, ఫేస్‌బుక్‌లో 'పద్మ రవి'. అందుకని అందరి వివరాలూ రాసుకునే షీటులో ఒక్కో మనిషికి బడి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పిలుపు పేరు, ఇప్పటి పేరు అని ఐదు గళ్లు పెట్టాం. పిలుపు పేరు గడి తీసేయకండి. అసలు పేరు చెబితే గుర్తురానివాళ్లకి ఆ పేరు చెప్పగానే మనిషి, ఇల్లు, వాళ్లమ్మ చేసే జంతికలతో సహా గుర్తొచ్చేస్తాయి. ఇవి కాక నంబరు ఎవరిచ్చారు, మొదటి ఫోన్ ఎవరు చేశారు, గ్రూపులో చేర్చడానికి ఒప్పుకున్నారా అని ఇంకో మూడు గళ్లు. ఈ షీటు ముగ్గురి దగ్గరే ఉండాలి.

ఫొటో విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పాడుచేసేది అక్కడే. మా ఫొటోలో ఒక్కో ముఖం ఎనిమిది మిల్లీమీటర్లు, చింతగింజంత. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే ముఖానికి 94 పిక్సెళ్లే వస్తాయి, పెద్దది చేస్తే మసక. 1200 డీపీఐలో చేస్తే 378 పిక్సెళ్లు, అప్పుడు ఒక్కో ముఖాన్ని మూడు సెంటీమీటర్ల వరకు స్పష్టంగా అచ్చు వేయించొచ్చు. సముద్రపు గాలి తేమకి పాత ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది. లాగొద్దు, పైపొర అద్దంతో వచ్చేస్తుంది, ఆ పొరలోనే బొమ్మ ఉంటుంది. అలాంటిదాన్ని అద్దంతోనే ఉంచి, ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి నిటారుగా ఫొటో తీయాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే కుదించేస్తుంది. కింద అట్ట మీద రాసిన పేర్ల వరస కూడా వదలకండి, దాన్ని కత్తిరించిన కాపీలే బయట ఎక్కువ తిరుగుతుంటాయి.

నంబరు దొరకడం సులువైన సగమే, మొదటి ఫోనే కష్టం. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చి 'గుర్తుపట్టావా నేనెవరో?' అంటే ఈ రోజుల్లో పెట్టేస్తారు. మోసగాళ్లన్నా అనుకుంటారు, చిట్‌ఫండో ఇన్సూరెన్సో అంటగట్టడానికన్నా అనుకుంటారు. మేం రాసిపెట్టుకున్న మాటలు ఇవి: "నమస్కారమండీ. ఎనభై మూడులో మన బళ్లో ఆరో తరగతి చదివిన ఫలానాని. లెక్కల మాస్టారి క్లాసులో కిటికీ పక్క మూడో బెంచీ. మన ఫొటో ఒకటి పంపిస్తున్నాను. చూసి, వీలున్నప్పుడు మీరే ఫోన్ చేయండి." అంతే, పెట్టేయాలి. తిరిగి ఫోన్ చేసేది వాళ్లయితే అనుమానం ఉండదు. చిన్నప్పుడు 'ఒరేయ్' అనుకున్నా మొదట 'మీరు' అనే మొదలుపెట్టండి, అవతలి మనిషి 'ఏరా' అన్నాక మారొచ్చు. ఏం చేస్తున్నారు, పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారు అన్న రెండు ప్రశ్నలూ మొదటి ఫోన్‌లో వద్దు. మనకి మామూలు పలకరింపే గానీ, ఉద్యోగం పోయినవాళ్లకి, పిల్లలు లేనివాళ్లకి అవి తలుపు మూసేస్తాయి. 'అప్పుడు మీరు ఏ వీధిలో ఉండేవాళ్లు?' అని అడగండి, మాట దానంతటదే సాగుతుంది.

మధ్యలో బడి మానేసినవాళ్ల దగ్గర ఇంకో మాట వస్తుంది. కొత్తవాల్ చావడి కూరగాయల మార్కెట్టు వైపు మూటలు మోసి, తర్వాత సొంతంగా టెంపో నడుపుకుంటున్న ఒకాయన ఫొటో చూసి ఫోన్ చేసి, "నేను ఇందులో లేను కదండీ, నన్నెందుకు పిలుస్తున్నారు?" అన్నారు. దానికి జవాబుగా రిజిస్టరులోంచి రాసుకున్న వరస చదివి వినిపించాం. మీ నంబరు 23, మీకు ముందు 22 ఫలానా, తర్వాత 24 ఫలానా. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత 24వ నంబరు ఎక్కడున్నాడని ఆయనే అడిగారు. అప్పట్నుంచి ఇలాంటి ఫోన్ ఏది చేయాలన్నా రిజిస్టరు కాగితం ముందు పెట్టుకునే చేశాం.

ఆడవాళ్లకి ఆడవాళ్లే ఫోన్ చేయాలి. అప్పట్లో మా క్లాసులో మగపిల్లలూ ఆడపిల్లలూ మాట్లాడుకున్నదే తక్కువ. భర్త ఫోనెత్తితే ఆయనకే ముందు మొత్తం చెప్పి, ఇద్దర్నీ రమ్మనాలి. వాళ్ల నంబర్లు గ్రూపులో కనబడటం ఇష్టం లేకపోతే వేరే గ్రూపు పెట్టండి. గ్రూపులోకి ఎవరినీ చెప్పకుండా లాగేయకూడదు, లింకు పంపితే వాళ్లే వస్తారు. చేర్చే అధికారం అడ్మిన్లకే ఉండేలా సెట్టింగు మార్చండి. రాజకీయం, కులం, మతం, అప్పులు, వ్యాపార ప్రకటనలు మొదటి రోజు నుంచే కుదరవని చెప్పేయాలి. గొడవ వచ్చాక పెట్టిన నియమం ఎవరినో ఉద్దేశించి పెట్టినట్టే ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు మాకు ఆరుగురు. ఒక్కొక్కరి బాధ్యత ఒకరికి అప్పగించాం. గ్రూపులో ఏ కబురు పెట్టినా అదే రోజు వాళ్లకి ఫోన్ వెళ్లాలి.

పోయినవాళ్ల సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. మా 71లో ఏడుగురు లేరు. ఎవరో అన్నారని గ్రూపులో పెట్టేయకండి. కుటుంబంలో ఒకరితో మాట్లాడి ఖాయం చేసుకుని, వాళ్లకి చెప్పాకే రాయాలి. ఒకతను పోయాడని మాకు ఇద్దరు చెప్పారు. తీరా ఆరా తీస్తే పోయింది వాళ్లన్నయ్య.

అందరం కలిసే తేదీకి చెన్నైలో మార్గళి నెల (డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు) అన్నిటికన్నా అనుకూలం. తమిళులు ఆ నెలలో పెళ్లిళ్లు చేయరు కాబట్టి హాళ్లు ఖాళీగా ఉంటాయి, బేరం కుదురుతుంది. ఎండ ఉండదు, విదేశాల్లో ఉన్నవాళ్లు సెలవులకి వస్తారు. డిసెంబరు మొదటి వారం మాత్రం వద్దు. 2015 వరదలు, 2023 మిచౌంగ్ తుపాను రెండూ అప్పుడే. మేం 2025 డిసెంబరు 28, ఆదివారం పెట్టుకున్నాం. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, సెలవుల్లో ఆ రోజు ఉదయమే టికెట్లు అయిపోతాయి. అందుకే తేదీ కనీసం మూడు నెలల ముందు చెప్పాలి. విజయవాడ వైపు వాళ్లు పొద్దున పినాకిని ఎక్కితే చెన్నై చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది, ముందురోజే రమ్మనండి. సెంట్రల్‌లో దిగినవాళ్లకి వాషర్‌మెన్‌పేటకి నేరుగా మెట్రో ఉంది.

ఎక్కడ పెట్టాలన్నదాని మీద మాలో పెద్ద వాదనే జరిగింది. ఊరి బయట ఈస్ట్ కోస్ట్ రోడ్డులో (ఈసీఆర్) రిసార్టు అన్నారు కొందరు. మనిషికి ఐదారు వేలు, రాత్రి బస. వాదన అక్కర్లేకుండా తేల్చింది మళ్లీ ఆ రిజిస్టరే. 23వ నంబరు రాగలడా? రాలేడు. బడికి నడిచి వెళ్లగలిగే దూరంలో మినీ హాలు తీసుకున్నాం, మనిషికి వెయ్యి. ఇవ్వలేనివాళ్లు ఒక్కరికే చెబితే చాలు, ఆ పేరు రెండో మనిషికి తెలియదు. మిగతాది ఇవ్వగలిగినవాళ్లు వేశారు, ఎవరెంత వేశారో ప్రకటించలేదు. ఖర్చు లెక్క మాత్రం బిల్లులతో సహా అందరికీ పెట్టాం. హాలు మాట్లాడేటప్పుడు జీఎస్టీ, కరెంటు, జనరేటరు, శుభ్రం చేసే ఖర్చు అద్దెలో కలిపా విడిగానా అడిగి రాయించుకోండి. భోజనాల లెక్క 'తప్పకుండా వస్తాను' అన్నవాళ్లని బట్టి కాదు, డబ్బు కట్టినవాళ్లని బట్టి, దానికి మాస్టార్లనీ వాళ్లని తెచ్చే డ్రైవర్లనీ కలిపి చెప్పాలి. భోజనం పన్నెండున్నరకి పెట్టేయండి. యాభై దాటిన వయసు, సగం మందికి షుగరు మాత్రలు.

బ్యాడ్జీ మీద బడి పేరు, రిజిస్టరు నంబరు, పక్కన చిన్నప్పటి ముఖం. అక్షరాలు ఒకటిన్నర సెంటీమీటరు ఉండాలి, కళ్లజోడు తీయకుండా చదవగలగాలి. ఫొటోలో లేనివాళ్ల ముఖాల కోసం ముందే ఇంట్లో పాత ఫొటో ఏదైనా పంపమని అడిగాం, ఐదుగురికి దొరకలేదు. అందుకని ఖాళీ గడి కనిపించకుండా ఆ ఐదుగురికీ మా బడి గేటు బొమ్మ వేశాం.

ముగ్గురు ఉపాధ్యాయులు వచ్చారు, అందరూ ఎనభై దాటినవాళ్లు. కారులో ఇద్దరు వెళ్లి తీసుకురావాలి, హాలు కింది అంతస్తులోనే ఉండాలి, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో ముందే చూడాలి. వాళ్ల ముందు నిలబడి 'నేనెవరో చెప్పండి మాస్టారూ' అని ఎవరూ అడగొద్దని ముందే చెప్పుకున్నాం. గుర్తురాకపోతే వాళ్లు పడే బాధ చూడలేం. పేరు మనమే చెప్పాలి. గంట కూర్చోబెట్టి, శాలువా కప్పి, వాళ్లని ముందు భోంచేయించి పంపేయాలి.

పరిచయాలకి మనిషికి రెండు నిమిషాలు అనుకుంటే 39 మందికి గంటన్నరలోపే అవ్వాలి. అవ్వదు, మొదటి నలుగురే అరగంట తీసుకుంటారు. మేం మైకు తీసేసి హాజరు పిలిపించాం. తెలుగు మేడం 1 నుంచి 71 వరకు చదివారు. ఉన్నవాళ్లు 'ప్రెజెంట్ మేడం' అన్నారు, రాలేనివాళ్ల తరఫున పక్క నంబరు వాళ్లు ఎక్కడున్నారో ఒక్క మాట చెప్పారు. పోయిన ఏడుగురి పేర్లు వచ్చినప్పుడు అందరం లేచి నిలబడ్డాం. వాళ్ల పేర్లు చదువుతామని ఇళ్లకి ముందే చెప్పి ఉంచాం, రెండిళ్ల నుంచి పిల్లలు వచ్చారు. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

షీటులో ఇంకా ఎనిమిది వరసలు ఖాళీ. అందులో ఐదుగురు ఎనిమిదో తరగతి లోపు మానేసిన ఆడపిల్లలు. వాళ్లకి ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో చిరునామా లేదు, టీసీ కూడా తీసుకోలేదు, రిజిస్టరులో తండ్రి పేరొక్కటే ఉంది. ఇప్పుడు వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం 1985, 1986 అడ్మిషన్ పేజీల్లో అదే తండ్రి పేరు ఉందేమో చూడటానికి ఆగస్టులో మళ్లీ ఉత్తరం ఇస్తున్నాం.