జొన్నగిరి దారిలో పాముల లెక్క

తొలకరి వానలు రెండు పడ్డాయని పేపర్లో వచ్చిన రోజే మా మేనల్లుడు కర్నూలులో దిగాడు. చికాగో దగ్గర కంప్యూటర్ ఉద్యోగం, మూడు వారాల సెలవు. శ్రీశైలం, మంత్రాలయం, అహోబిలం అని వాళ్లమ్మ జాబితా రాసిపెడితే వాడు దాన్ని పక్కన పెట్టి, "మామా, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు ఏరుతారట కదా, అక్కడికి తీసుకుపోతారా?" అని అడిగాడు. నేను ఈ జిల్లా బ్యాంకుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ పొలాల మీద పంట రుణాలిచ్చాను గానీ, వాటిలో తల వంచుకుని రాళ్లు వెతికింది ఎన్నడూ లేదు. సరే పోదామన్నాను.

తెల్లవారి ఆరింటికి కారులో బయలుదేరాం. కోడుమూరులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీల దగ్గర ఆగినప్పుడు వాడు ఫోను నా ముందు పెట్టాడు. తెరమీద ఒక పాము, ఒంటిమీద సగం పాలలా తెలుపు, సగం గోధుమరంగు మచ్చలు. మన బొల్లి ఆవు పాముగా పుట్టినట్టుంది.

"ఇది నాదే" అన్నాడు.

"మీ అమ్మకు తెలుసా?"

"సగం తెలుసు. రెండు పాములున్నాయని తెలుసు. ముప్పై నాలుగున్నాయని తెలియదు."

బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. మా అక్క నాగుల చవితికి ఉపవాసముండి పుట్టలో పాలు పోసి వచ్చే మనిషి. కొడుకు ఇంట్లోనే పుట్ట పెట్టాడని తెలిస్తే మొక్కుతుందో, మొత్తుతుందో చెప్పలేను.

వాడు పెంచేది బాల్ పైథాన్. ఘనా, టోగో, బెనిన్ వంటి పశ్చిమాఫ్రికా దేశాల కొండచిలువ, విషం లేదు. నాలుగడుగులకు మించి పెద్దగా పెరగదు. భయమేస్తే తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, పేరు అందుకే. అడవిలో ఉండే మామూలు రంగుదానికి అమెరికాలో ధర నలభై, యాభై డాలర్లు. రంగు మారితే మాత్రం కథ వేరు. 1992లో తొలిసారి అల్బినోను, అంటే ఒంట్లో నల్లరంగు లేక పసుపు, తెలుపు కలిసి ఉండేదాన్ని, పెంపకంలో పుట్టించినప్పుడు ఒక్కో పిల్లకు వేల డాలర్లు పలికాయట. అదే పిల్ల ఇప్పుడు వంద, నూటయాభైకి దొరుకుతుంది. ఈ బొల్లి రకాన్ని వాళ్లు పైబాల్డ్ అంటారు. పెంపకంలో అది తొలిసారి పుట్టింది 1997లో. అప్పట్లో పది వేల డాలర్లు దాటిన ధర ఇవాళ రెండు మూడు వందలకు వచ్చి కూర్చుంది.

"పాము అదే, తెలుపు అదే. మరి ధర ఎందుకు పడింది?" అన్నాను. ప్రశ్న అడిగాను గానీ జవాబు నాకు తెలుసు. పత్తికొండ టమాటా మార్కెట్టుకు ఇంకా గంట దారి ఉంది. అందరూ అదే పంట తెస్తే ధర పడిపోతుందని ఆ ఊళ్లో ఏ రైతును ఆపి అడిగినా చెబుతాడు.

"పత్తికొండ లెక్కే మామా. కాకపోతే టమాటాకు నెలల్లో జరిగేది దీనికి ఏళ్లు పడుతుంది" అన్నాడు. ఆడపాము గుడ్లు పెట్టే బరువుకు రావాలంటే మూడేళ్లు. పెట్టేది ఏడాదికి ఒక్క ఈత, అదీ సగటున ఆరు గుడ్లు. కొన్నేళ్లు అసలు పెట్టదు. కొత్త రంగు చేతికొచ్చినవాడు మొదటి మూడు నాలుగేళ్లు రాజు. అతని దగ్గర కొన్నవాళ్ల పాములు ఈతకొచ్చేసరికి రాజులు పదిమంది అవుతారు. ఇంకో మూడేళ్లకు వీధికొక రాజు. అందుకే మొదట పెట్టే ఆ పెద్ద ధర పాముకు కాదు, దాని కడుపులో ఉన్న గుడ్లకూ, తక్కినవాళ్ల కంటే ముందున్న ఆ మూడేళ్లకూ.

మగా ఆడా తేడా కూడా విచిత్రంగానే ఉంది. మామూలుగా ఆడదానికి ఎక్కువ ధర, దాన్ని పెంచడానికి కాలం పడుతుంది కనుక. కానీ అప్పుడే పుట్టిన సరికొత్త రంగయితే మగదానికే ఎక్కువ పెడతారు. ఒక్క మగపాము ఏడాది తిరిగేలోపే జతకు సిద్ధమై, ఆ కాలంలోనే నాలుగైదు ఆడపాములకు పనికొస్తుంది. మన ఊళ్లలో మంచి ఆబోతుకు ఉన్న గౌరవమే.

దేవనకొండ దాటాక నన్ను నిజంగా పట్టుకున్న లెక్క చెప్పాడు. తెలుపు, అల్బినో లాంటి గుణాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పైకి కనిపిస్తాయి. ఒకవైపే వస్తే పాము చూడటానికి మామూలే, లోపల మాత్రం గుణం దాక్కుని ఉంటుంది. వ్యాపారంలో దాన్ని 'హెట్' అంటారు. రెండు హెట్‌లను కలిపితే నాలుగు పిల్లల్లో సగటున ఒకటి బొల్లిది. మిగిలిన మూడూ చూపుకు ఒకేలా ఉంటాయి. వాటిలో రెండు గుణం మోస్తాయి, ఒకటి మోయదు. ఏది ఏదో ఎవరికీ తెలియదు. అందుకని మూడింటికీ '66 శాతం హెట్' అని చీటీ రాసి అమ్ముతారు. కొన్నవాడు మూడేళ్లు మేపి, జత కట్టించి, గుడ్లు పగిలాక గానీ తను కొన్నదేమిటో తెలుసుకోలేడు.

"అంటే బంగారం కుదువ పెట్టుకుని, అది బంగారమో కాదో మూడేళ్ల తర్వాత గీటురాయి మీద గీసినట్టు" అన్నాను. వాడు నవ్వాడు. ఇప్పుడు కుబుసం ముక్క పంపితే కొన్ని గుణాలకు డీఎన్‌ఏ పరీక్ష చేసి చెప్పే ప్రయోగశాలలు వచ్చాయట. గీటురాయి దొరికింది గనుక అనుమానానికి పెట్టే ధర పోయింది. గుణం లేదని తేలినదాన్ని మామూలు పాము ధరకు కూడా ఎవరూ అడగరు.

అప్పుడు నాకు ఈమూలు గుర్తొచ్చాయి. ఈమూ పక్షుల పెంపకం అని ఒక కాలంలో ఆంధ్రా అంతా ఊగిపోయింది. జత పిల్లల ధర వేలల్లో. గుడ్డుకు ఇంత, నూనెకు ఇంత, తోలుకు ఇంత అని అచ్చేసిన కాగితాలు పట్టుకుని రైతులు నా టేబులు ముందు కూర్చునేవాళ్లు. నేనూ రుణాలు రాశాను. కొన్న ప్రతివాడూ పిల్లలు చేయించి ఇంకొకడికి అమ్ముదామనే కొన్నాడు. కూర వండుకు తిందామని కొన్నవాడు నాకు తగల్లేదు. 2012 ప్రాంతంలో కొనే ఆ ఇంకొకడు కనిపించకుండా పోయాడు. తెల్లారి లేచి చూస్తే పక్షులు ఎప్పటిలాగే మేత మేస్తున్నాయి, ధర మాత్రం లేదు. కొందరు వాటిని కంచె తీసి వదిలేశారు. ఆ రుణాలు వసూలు చేయమని పై నుంచి ఒత్తిడి వస్తే ఎవరి ఇంటి గుమ్మంలో ఏ మాట పడ్డానో ఇక్కడ రాయను.

ఇది చెప్పి, "మీ పాములను చివరకు కూర వండుకునేవాడు ఎవడు?" అని అడిగాను.

వాడు కొంతసేపు కిటికీలోంచి చూశాడు. "ఉన్నాడు మామా. గదిలో ఒక గాజు పెట్టె పెట్టుకుని ఒకే ఒక్క పామును ఇరవై ఏళ్లు సాకాలనుకునే పిల్లవాడు. కరోనా రోజుల్లో జనం ఇళ్లలో కూర్చున్నప్పుడు అలాంటివాళ్లు చాలామంది వచ్చారు, ధరలు ఎగిరాయి. బయట తిరగడం మొదలుపెట్టాక తగ్గిపోయారు. కానీ ఆ పిల్లవాడు రెండో పామును కొనడు. అదే చిక్కు."

ఇంకో చిక్కు కూడా ఉంది. అక్కడి ప్రభుత్వ తపాలా వాళ్లు పాములను తీసుకోరు. ప్రైవేటు కొరియరులో రాత్రికి రాత్రి పంపాలి, దానికి యాభై డాలర్ల పైమాటే. నలభై డాలర్ల పాముకు యాభై డాలర్ల బండి కిరాయి. టమాటా అమ్ముడుపోకపోతే రోడ్డు పక్కన పారబోసి ఏడ్చి ఊరుకోవచ్చు. పాము ముప్పై ఏళ్లు బతుకుతుంది. అమ్ముడుపోని సరుకు వారం వారం ఎలుకను అడుగుతుంది.

పత్తికొండలో టీ తాగి జొన్నగిరి చేరేసరికి పది దాటింది. రోడ్డు పక్కన బళ్లారి, అనంతపురం వైపు నుంచి వచ్చిన బండ్లు, చెట్ల కింద పొయ్యిలు, కడిగి బోర్లించిన గిన్నెలు. పొలాల్లో వందలమంది, ఎవరూ తలెత్తరు. వాన మట్టిని కడిగితే మెరిసే రాయి పైకి తేలుతుందని ఆశ. విత్తనం వేసిన చేలు తొక్కుతున్నారని ఒక రైతు కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయనను తప్పించుకుంటూ మేమూ ఓ గంట వెతికాం. నాకు దొరికింది నడుము నొప్పి.

కొంగులో నాలుగు రాళ్లు మూటగట్టుకున్న ఒక అవ్వ చింతచెట్టు కింద కూర్చుని ఉంది. ప్రతి ఏడూ వస్తుందట. దొరికితే ఎవరికి అమ్ముతావని అడిగాను. "షావుకారి మనుషులు ఇక్కడే తిరుగుతుంటారు నాయనా. రంగు, జాతి, క్యారెట్టు అంటారు. వాళ్లు చెప్పిందే ధర" అంది. కొంత నగదు, ఒకటి రెండు తులాల బంగారం చేతిలో పెట్టి తీసుకుపోతారు. ఆ రాయి ఆ తర్వాత ఎంతకు పోయిందో దొరికినవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

మావాడికి ఇదే ఆశ్చర్యం. వాళ్ల అంగడిలో ప్రతి పాము ఫొటో, తూకం, ధర ఆన్‌లైన్‌లో అందరి కళ్లముందూ ఉంటాయి. ఒకడు మూడు వందలంటే పక్కవాడు రెండు వందల తొంభై అంటాడు, ఇంకొకడు కొరియరు ఖర్చు నాదే అంటాడు. ధర దాగే చోటు లేదు కనుక దిగుతూనే ఉంటుంది. ఇక్కడ ధర షావుకారి జేబులో ఉంటుంది. పైగా వజ్రం గుడ్లు పెట్టదు.

మావాడు పాములు పెంచుతాడని నేను నోరు జారి చెప్పేశాను. అవ్వ వాణ్ణి పైకీ కిందికీ చూసి, "ఈ చేలల్లో బోలెడున్నాయి కదా నాయనా, పట్టుకుపో" అంది. "పడితే జైలే అవ్వా" అన్నాడు వాడు. నిజమే. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద మన పాములను పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. 2022లో చట్టం సవరించాక అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉన్న విదేశీ జీవాలను ఉంచుకోవాలన్నా నమోదు తప్పనిసరి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది. అయినా బ్యాంకాక్ విమానాల్లో సంచుల నిండా వీటిని కుక్కి తెచ్చి చెన్నైలో, బెంగళూరులో పట్టుబడుతూనే ఉన్నారు. ఆ వార్తలు వాడి ఫోనులో దాచుకున్నాడు. చదువుతుంటే వాడి ముఖం మాడిపోయింది. దారిలోనే ఎన్నో చస్తాయట.

మధ్యాహ్నం గుత్తి వైపు తిరిగి ఎర్రగుడిలో ఆగాం. గుట్ట మీద అశోకుడి శాసనాలు. ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతివి కుడి నుంచి ఎడమకు సాగుతాయి. మావాడికి అవి పాము నడకలా కనిపించాయి, నాకు నాగలి చాళ్లలా. ఎండ మాడుస్తుంటే ఎక్కువసేపు నిలబడలేకపోయాం.

సాయంత్రం గుత్తిలో కాఫీ తాగుతుండగా వాడి ఫోను మోగింది. చికాగోలో అప్పుడే తెల్లవారుతోంది. పాములను చూసుకుంటున్న స్నేహితుడు పొదిగే పెట్టెలోని ఫొటో పంపాడు. రెండు హెట్‌లను కలిపిన తొలి ఈత, ఆరు గుడ్లు. నాలుగేళ్లుగా మేపిన జత అది. గుడ్లు చీలి తలలు బయటికొచ్చాయి. వాడు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి ఒక్కొక్క తలా చూశాడు.

"ఆరూ మామూలువే" అన్నాడు.

నేను మనసులో లెక్క వేశాను. ఆరింటిలో ఒక్కటీ బొల్లిది రాకపోయే అవకాశం నూటికి పద్దెనిమిది పాళ్లు. మరీ అరుదేమీ కాదు. ఆ మాట వాడితో అనలేదు.

"అన్నీ 66 శాతమే మామా. పరీక్ష చేయిస్తే ఖర్చు, చేయించకపోతే ధర రాదు. ఏం చేయమంటారు?"

"ఎలుక ఎంత పడుతుంది ఒక్కోటి?" అని అడిగాను.

వాడు కాఫీ గ్లాసు పక్కకు జరిపి, బిల్లు కాగితం వెనక రాయడం మొదలుపెట్టాడు.