లొల్లి లేని హర్రాజు

ఆదివారం, రాత్రి పదకొండు.

కాళ్ళు పీకుతున్నాయి గానీ గొంతు బాగానే ఉంది. వేలం పెట్టి గొంతు పోగొట్టుకోకుండా ఇంటికొచ్చినవాళ్ళు హనుమకొండలో ఎంతమంది ఉంటారో!

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఈ సాయంత్రం పెట్టింది మౌన వేలం. వస్తువులన్నీ టేబుళ్ళ మీద సర్ది ఉంటాయి. ప్రతి వస్తువు ముందు ఒక కాగితం, ఒక పెన్ను. కావాల్సినవాళ్ళు తమ నంబరు, ఇవ్వగలిగిన ధర రాసి పక్కకు జరుగుతారు. ఇంకా ఎక్కువ ఇచ్చేవాళ్ళు దాని కింద రాస్తారు. టైము అయిపోయేసరికి ఆఖరి వరుసలో ఎవరి నంబరుంటే వస్తువు వాళ్ళది. ఒకటోసారి, రెండోసారి అని అరిచేవాళ్ళెవరూ ఉండరు. హాలు వాచ్‌మన్ తాత అంతా ఓపికగా విని, "గిదేం హర్రాజు బిడ్డా? లొల్లి లేంది ధర ఎట్ల పెరుగుతది?" అన్నాడు. నాకున్న టెన్షనూ అదే. కానీ ఆయనతో ఒప్పుకోలేదు.

ఇదంతా ఒక పటం కోసం. ఆజంజాహీ మిల్లు కథను చేర్యాల నకాశీ పటంగా, అంటే గుడ్డ మీద వరుసగా బొమ్మలతో చెప్పే కథగా, గీయించాలని కొందరం అనుకున్నాం. ఏడో నిజాం కొడుకు పేరు మీద 1934లో వరంగల్‌లో పెట్టిన బట్టల మిల్లు అది. మా కాలనీలో అరవై దాటినవాళ్ళ ఇళ్ళల్లో తండ్రో, మేనమామో ఎవరో ఒకరు ఆ గేటులోంచి లోపలికి పోయినవాళ్ళే. మా పిల్లలకు మాత్రం మిల్లు గ్రౌండంటే మీటింగులు పెట్టే జాగా, అంతే.

ఫోటోల పుస్తకం వేద్దామని ఒకరు, డాక్యుమెంటరీ తీద్దామని ఇంకొకరు అన్నారు. పటమైతేనే బాగుంటుందని నేను పట్టుబట్టాను. వరంగల్‌లో నేతవాళ్ళుండే కొత్తవాడ పద్మశాలీలకు పటం కొత్త కాదు. కూనపులి వాళ్ళు వచ్చి పటం వేలాడదీసి, ఒక్కో బొమ్మ చూపిస్తూ మార్కండేయ పురాణం చెప్పేవాళ్ళు. మగ్గం పుట్టుక, భావనారుషి కథ అన్నీ అందులోనే. కులానికో పటం, పటానికో కథ ఉన్న చోట మిల్లుకు ఒకటి ఉంటే తప్పేముంది? గీసే తమ్ముడు చేర్యాలలో పని నేర్చుకున్నవాడే. (2016లో జిల్లాలు విడదీశాక చేర్యాల సిద్దిపేటకు, ఇత్తడి పనికి పేరున్న పెంబర్తి జనగామకు పోయాయి. మా నోట మాత్రం ఇప్పటికీ రెండూ వరంగల్ జిల్లానే.) ఖర్చు 80 వేలవుతుందని లెక్క కట్టాడు. నెలల తరబడి పని కాబట్టి అందులో ఎక్కువ భాగం వాడి కూలీయే. వాడు అడిగింది తక్కువేనని నా అభిప్రాయం.

చందాలు వద్దని మొదటి మీటింగులోనే అన్నాను. వినాయక చవితికి చందా, బతుకమ్మకు చందా, గుడికి చందా. రసీదు బుక్కు కనిపిస్తే చాలు, సగం గడపల్లో "మా ఆయన ఇంట్లో లేడమ్మా" అనే జవాబే వస్తుంది. చేతికి ఏదో ఒక వస్తువు వస్తుందంటే మనిషి కాస్త ఆగి చూస్తాడు.

వస్తువుల దగ్గరే అసలు పంచాయితీ నడిచింది. కమిటీలో ఒక సారు, "కళాకారులను అడుగుదాం మేడం, మంచి పని కదా, ఉట్టిగనే ఇస్తరు" అన్నారు. ఇస్తారు, నిజమే. మొహమాటానికి ఇస్తారు. ఒక కళాకారుడికి కూలీ ఇవ్వడానికి ఇంకో కళాకారుడి కష్టాన్ని ఉట్టిగా పట్టుకొస్తే అది సాయం ఎట్లా అవుతుంది? గంటసేపు వాదించి, చేసినవాళ్ళ ధర వాళ్ళకు ముందే చేతిలో పెట్టి, వేలం అక్కడి నుంచే మొదలుపెట్టి, పైన వచ్చింది పటానికి వాడుకుందామని ఒప్పించాను. కొత్తవాడ జంపఖానా, పెంబర్తి ఇత్తడి దీపాలు, చేర్యాల ముఖాలు (మాస్కులు), పొనికి కర్రతో చేసిన నిర్మల్ చిలుకలు ఆ లెక్కలో వచ్చాయి. కాలనీ వాళ్ళు ఊరికే ఇచ్చినవాటికి మాత్రం బజారు ధరలో సగం దగ్గర మొదలుపెట్టాం. చిన్నవాటికి 50 చొప్పున, పెద్దవాటికి 200 చొప్పున పెంచాలి. అంతకు తక్కువ రాస్తే చెల్లదు.

కాగితం మీద పేర్లా, నంబర్లా అన్నది ఇంకో చర్చ. పేర్లుంటేనే పౌరుషానికి ధర పెరుగుతుందన్నారు. వినాయకుడి లడ్డూ వేలానికి ఆ మాట సరిపోతుంది. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ పాట పాడే మనిషి పేరు తెల్లారి పేపర్లో వస్తుంది, ఆ పేరుకూ లెక్క ఉంటుంది. మా హాల్లో అట్లా కాదు. ఒక పెద్దమనిషి పేరు కాగితం మీద పడిందంటే దాని కింద రాయడానికి ఎవరి చెయ్యీ లేవదు, "సారుకే పోనియ్" అంటారు. అందుకే గేటు దగ్గరే అందరికీ నంబరు చీటీలిచ్చాం. అయినా డ్రాయింగ్ మాస్టారి ఏడు అంకెను ఈ కాలనీలో గుర్తుపట్టనివాళ్ళుండరు, నడుమ అడ్డగీత కొడతారు. ఆయన ఎక్కడ రాసినా చుట్టూ నవ్వులే.

నాలుగున్నరకు తలుపులు తీశాం. మొదటి అరగంట ఎవరూ పెన్ను ముట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకొని ఎగ్జిబిషన్‌కు వచ్చినట్టు తిరిగారు. చాయ్ వచ్చాక కదలిక మొదలైంది.

జంపఖానా దగ్గర కొత్తవాడ నుంచి వచ్చిన ఒక అవ్వ చాలాసేపు నిలబడింది. ఎరుపు, నలుపు, నడుమ పసుపు మెట్లు. అంచు పట్టుకొని తిరగేసింది. రెండు దిక్కులా ఒక్కతీరుగా ఉందో లేదో బొటనవేలితో రాసి చూసింది. ఒక మూల ముడి దగ్గర ఆగి, "గుంత మగ్గం మీదిదే, చెయ్యి మంచిది" అని తనలో తను అనుకొని మళ్ళీ సాపుగా పరిచింది. కొంటావా అవ్వా అంటే, "పుట్టినకాడికెల్లి గివే కదా బిడ్డా, మల్ల ఇంట్లెందుకు?" అని నవ్వింది.

ఆమె నన్ను పట్టుకుపోయింది ఫోటోగ్రాఫర్ తమ్ముడి కాగితం దగ్గరికి. ఖిలా వరంగల్‌లో కీర్తితోరణం ముందు ఒక కుటుంబానికి ఫోటో తీసి, పెద్దగా ఫ్రేమ్ కట్టి ఇస్తానని రాసి పెట్టాడు. అవ్వకు రాయడం రాదు. "నా నంబరు ముప్పయ్యొకటి, ఆరు వందలు రాయి" అంది. కొడుకులిద్దరిలో ఒకరు భివండిలో, ఒకరు సూరత్‌లో మగ్గాల మీద పని చేస్తారట. దసరాకు ఇద్దరూ వస్తే అందరూ కలిసి ఒక్క ఫోటో దిగాలని. ఎవరో ఆరు వందల యాభై రాశారు. ఆమె వచ్చి నా కొంగు లాగి ఏడు వందలు రాయించింది. మళ్ళీ ఎవరో రాశారు, మళ్ళీ కొంగు. అంతమంది మగవాళ్ళ ముందు నిలబడి "తొమ్మిది వందలు" అని అరవాల్సి వస్తే ఈ అవ్వ గోడ పక్కన కుర్చీలోంచి లేచేదే కాదు. ఆఖరికి 900కు ఆమెకే వచ్చింది. పైసలు నడుముకున్న సంచిలోంచి తీసి లెక్కబెట్టి ఇచ్చి, రసీదు మడిచి అదే సంచిలో పెట్టుకుంది.

అందరికంటే గట్టి పోటీ దేనికంటే, ఎదురింటి వదిన బియ్యప్పిండితో చేసే సర్వపిండికి. "ఏడాదిపాటు నెలకో ఆదివారం, ఇంటికి నాలుగు సర్వపిండ్లు, వేడివేడిగా" అని ఆమె స్వయంగా రాసిన కాగితం. 500 దగ్గర మొదలై, వరుసలు నిండి, వెనకవైపు తిప్పాల్సి వచ్చింది. ఆఖరికి 3,850. హైదరాబాద్ పోయి స్థిరపడి, ఆదివారాలు మాత్రం ఇక్కడి ఇంటికొచ్చే ఒకాయన కొట్టేశాడు. వదిన మొహం చూడాలి! "నా చేతికి గింత ధరుందని మీ అన్నకు చెప్పు" అని నన్ను రెండుసార్లు పంపింది.

తర్వాతి స్థానం చపాటా మిర్చిది. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆ కాయకు కొంచెం గర్వం పెరిగింది. టమాటా లాగ గుండ్రంగా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ, పచ్చడికి పెట్టింది పేరు. ఒక రైతు రెండు కిలోల కాయ, ఒక కిలో పొడి ఇచ్చాడు. ఆ కాగితం చుట్టూ చేరినవాళ్ళంతా ఆడవాళ్ళే. రాసేవాళ్ళు రాస్తుంటే మిగిలినవాళ్ళు తొడిమెలు వాసన చూస్తున్నారు.

కరీంనగర్ వెండి తీగ పన్నీరు బుడ్డికి ఒక్కరూ రాయలేదు. కాలనీ వేలంలో అంత ఖరీదైనది పోదని నేను ముందే అన్నాను. "టేబుల్‌కు అందం" అన్నారు. అందానికైతే ఫోటో తీసుకుంటే సరిపోయేది. అమ్ముడుపోకపోతే వాపసిస్తామని తెచ్చింది కాబట్టి నష్టం లేదు, కానీ దాని పక్కన కాపలా ఉన్న అబ్బాయి సాయంత్రమంతా కుర్చీలోంచి లేవలేకపోయాడు.

మూడు టేబుళ్ళనూ ఒకేసారి మూయలేదు. ఆరుకు మొదటిది, ఆరున్నరకు రెండోది, ఏడుకు మూడోది. మొదటి దాంట్లో ఓడిపోయినవాళ్ళు ఆ ఉక్రోషంతో రెండోదానికి నడుస్తారు. సర్వపిండిని కావాలనే మూడో టేబుల్ మీద పెట్టాం, లేకపోతే ఆరింటికే హాలు ఖాళీ అయ్యేది. గంట బదులు స్టీలు కంచం మీద గరిటె. కంచం మోగగానే మా అమ్మాయి ఎర్ర పెన్నుతో ఆఖరి వరుస కింద గీత కొడుతూ పోయింది. ఆఖరి ఐదు నిమిషాలు చూడాలి. రిటైర్డ్ ఉద్యోగులు ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ కాగితం పక్కనే నిలబడ్డారు, ఒకరి వంక ఒకరు చూడరు, చెయ్యి మాత్రం పెన్ను మీదే. నిర్మల్ చిలుక కాగితం మీద ఎవరి పిల్లాడో సరదాగా ఒక సున్న ఎక్కువ చేర్చాడు, చిలుక ధర 12,000 అయి కూర్చుంది. వాళ్ళ నాన్నకు చెమటలు పట్టాయి. ఆ వరుస కొట్టేశాం.

డబ్బు సగం ఫోన్లలో, సగం చేతికి వచ్చింది. ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు వస్తుందా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మాది రిజిస్టరైన ట్రస్టు కాదు, దానాలకు పన్ను మినహాయింపు ఇప్పించే 80జి గుర్తింపు లేదు, పైగా మీరు వస్తువు కొన్నారు, దానం చేయలేదు అని చెప్పాను. ఒకాయన కొంచెం అలిగాడు.

మొత్తం 71,350. చేసినవాళ్ళకిచ్చిన ధరలు, చాయ్, కుర్చీల కిరాయి పోను 47,800 మిగిలింది. కాలనీ సంఘం ముందే ఇచ్చిన 25 వేలు కలిపితే ఇంకా ఏడు వేల చిల్లర తక్కువ. ఆ లెక్క కాగితం తలుపుకు అంటించే వచ్చాం, ఎవరికి కావాలంటే వాళ్ళు చూసుకోవచ్చు.

అక్కడితో అయిపోతే ఎనిమిదింటికి ఇంట్లో ఉండేదాన్ని. పటం గీసే తమ్ముడు దాని నమూనా గోడకు అంటించాడు, పెన్సిల్ గీతలతో పద్దెనిమిది గడులు. పత్తి బండ్లు, గేటు, షిఫ్టు మారడం, జీతాల రోజు, మూతబడిన తలుపు. మిల్లులో చేసిన ఇద్దరు పెద్దాయనలు కళ్ళద్దాలు సర్దుకొని పైనుంచి కిందికి చూశారు. ఒకాయన, "సమ్మె ఏది?" అన్నాడు. రెండో ఆయన, "క్యాంటీన్ ఏది? సమ్మె ఆడ్నే మొదలయ్యేది" అన్నాడు. మొదటాయన కాదు గేటు దగ్గర అన్నాడు. సాయంత్రమంతా లేని లొల్లి అప్పుడు మొదలైంది. వాచ్‌మన్ తాత తాళం చెవులు పట్టుకొని సంబరంగా వచ్చి నిలబడ్డాడు.

తమ్ముడు ఇద్దరి మాటా విని, రెండు గడులు పెంచుతానన్నాడు. గుడ్డ ముందే తేల్చుకోవాలి. ఖాదీకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఆరబెట్టాక మళ్ళీ అతుకు వేయడం కుదరదు. అంటే బుధవారం లోపల ఇరవై గడులకు సరిపడా గుడ్డ, దానికి తగ్గ పైసలు. రెండు గడులంటే వాడి లెక్కలో ఇంకో తొమ్మిది వేలు.

వదినకు ఫోన్ చేసి చెప్పాను. ఓడిపోయినవాళ్ళలో నలుగురు ఇప్పటికే ఆమె ఇంటికి వచ్చి అడిగి పోయారట, ఇంకో సర్వపిండి కాగితం ఉందా అని. బియ్యప్పిండి ఖర్చు మాత్రం ఈసారి సంఘం ఇవ్వాలంటోంది.