బీపీ టార్గెట్: రానివాళ్లను ఏ లెక్కలో వేస్తున్నారు?

పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) బీపీ అదుపు టార్గెట్ పెట్టేటప్పుడు రివ్యూ మీటింగుల్లో మొదట వచ్చే ప్రశ్న "ఎంత శాతం?" అసలు తేల్చుకోవాల్సింది "ఎంతమందిలో?" అన్నది.

బీపీ కార్యక్రమాన్నే తీసుకుందాం. 2017 నవంబరులో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌లో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. అది నేర్పిన మంచి అలవాటు కోహార్ట్ లెక్క. ఒక త్రైమాసికంలో కొత్తగా నమోదైన వాళ్లందరినీ ఒక జట్టుగా పట్టుకుని, తర్వాతి త్రైమాసికంలో వాళ్ల చివరి రీడింగ్ చూస్తారు. పైది 140 కన్నా, కిందిది 90 కన్నా తక్కువుంటేనే అదుపులో ఉన్నట్టు.

ఉదాహరణకి జనవరి–మార్చిలో 200 మంది చేరారనుకోండి. ఏప్రిల్–జూన్‌లో 90 మందికి అదుపులో ఉంది, 50 మందికి లేదు, 60 మంది అసలు రాలేదు. వచ్చిన 140 మందిలోనే లెక్కేస్తే 64 శాతం. చేరిన 200 మందిలో లెక్కేస్తే 45. మొదటి పద్ధతిలో ఇంకో చిక్కుంది: అదుపులో లేని ఆ 50 మందీ కూడా రావడం మానేస్తే పీహెచ్‌సీకి నూటికి నూరు! పేషెంట్లు జారిపోయే కొద్దీ మార్కులు పెరిగే కొలమానం అది. కాబట్టి భాగించేది 200తోనే.

మందులు తీసుకెళ్లినా బీపీ కొలవనివాళ్లకు వేరే గడి ఉండాలి. ఆశా ఇంటికి మాత్రలు అందించే చోట, సబ్‌సెంటర్లో నెల మందులు ఇచ్చే చోట ఈ గడి త్వరగా నిండుతుంది. సబ్‌సెంటర్ రిజిస్టరు పీహెచ్‌సీ లెక్కలో కలవకపోతే, నెలనెలా మందు వేసుకుంటున్న మనిషి కూడా "రానివాళ్ల"లో పడతాడు. టార్గెట్ అందుకోలేదని ఏఎన్‌ఎంను నిలదీసే ముందు చూడాల్సింది ఇదే.

ఇక ఎంత శాతం పెట్టాలి? జిల్లా మొత్తానికి ఒకే అంకె పెట్టడం తేలికే గానీ, 30 శాతం దగ్గరున్న పీహెచ్‌సీకి 70 టార్గెట్ ఇస్తే పెరిగేది రిజిస్టర్లో దొంగరాతలు మాత్రమే. ముందు రెండు త్రైమాసికాలు ఏ టార్గెట్టూ లేకుండా లెక్క తీయండి. జిల్లాలో మెరుగ్గా చేస్తున్న అయిదో వంతు పీహెచ్‌సీలు ఎక్కడున్నాయో చూసి దాన్ని గమ్యంగా పెట్టండి. మిగతావాళ్లకు ఏడాదికి ఆ దూరంలో సగం చాలు. ఇన్సెంటివ్ ఉంటే గీత దాటితేనే డబ్బు అనకుండా, మెట్టుమెట్టుగా పెంచాలి. 2004లో బ్రిటన్ ఫ్యామిలీ డాక్టర్లకు తెచ్చిన పద్ధతిలో కింది హద్దుకూ పై హద్దుకూ మధ్య చెల్లింపు అలాగే పెరుగుతుంది.

సబ్‌సెంటర్లను త్రైమాసికాల వారీగా ర్యాంకుల్లో పెట్టడం వద్దు. జట్టులో 20 మందే ఉంటే ఇద్దరు అటూఇటూ అయినా 10 శాతం మారుతుంది. నాలుగు త్రైమాసికాలు కలిపి చూడండి.

దొంగలెక్కల ఆనవాళ్లు రిజిస్టర్లోనే దొరుకుతాయి. డిజిటల్ మిషన్‌తో కొలిస్తే చివరి అంకె సున్నా అయ్యేది దాదాపు పదింట ఒకసారి. సగం రీడింగులు 130, 140, 120 అని ఉంటే చాలావరకు కొలవకుండా రాసినవో, రౌండ్ ఫిగర్‌కు మార్చినవో. 138లు కుప్పలుగా ఉండి 142లు కనిపించకపోయినా అనుమానించాల్సిందే. సూపర్‌వైజరు నెలకు పది మందికి ఫోన్ చేసి, వీలైతే తన మిషన్‌తో మళ్లీ కొలవాలి. కొలిచే ముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి.

మందుల స్టాకును కూడా అదే రిపోర్టులో, అదుపు శాతం పక్కనే పెట్టండి. వెయ్యి మంది రోజుకో ఆమ్లోడిపిన్ (బీపీ మందు) 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే నెలకు 30,000 కావాలి. రెండు నెలల నిల్వ అంటే 60,000. స్టోర్‌లో 12,000 ఉన్నాయంటే అవి పన్నెండు రోజులకే. ఆ త్రైమాసికంలో శాతం పడితే జవాబు చెప్పాల్సింది పీహెచ్‌సీ కాదు, మందుల ఇండెంట్ (కావాలని పంపిన కోరిక) ఆపిన చోటు.