దుబాయ్ బంగారం: గ్రాముల కన్నా ముందు రోజులు లెక్కపెట్టండి

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, గుంటూరు లాలాపేటలోనో బంగారం రేటు కనుక్కుని, అదే రోజు దుబాయ్ రేటు ఫోన్లో చూసి, తేడాను గ్రాములతో హెచ్చవేసి "ఇంత మిగులుతుంది" అనుకునే ఇళ్లు మన వైపు చాలానే ఉన్నాయి. ఆ లెక్కలో ఒక అంకె జారిపోతూ ఉంటుంది. నగ తెచ్చే మనిషి విదేశంలో ఎన్ని రోజులు ఉన్నారన్నదే ఆ అంకె. సుంకం అసలు లేదా, తగ్గింపు రేటు పడుతుందా, నిండు సుంకం పడుతుందా అని తేల్చేది ముందు అదే. బరువు సంగతి ఆ తర్వాత.

ఏడాదికి పైగా బయట ఉండి తిరిగొచ్చే మనవాళ్లకు కొంత బంగారం ఉచితం. ఆడవాళ్లకు 40 గ్రాములు, మిగతావారికి 20 గ్రాములు. మన లెక్కలో ఐదు కాసులు, రెండున్నర కాసులు. 2016 నాటి నిబంధనల్లో ఈ బరువుతో పాటు విలువకూ పరిమితి ఉండేది: ఆడవాళ్లకు లక్ష రూపాయలు, మగవాళ్లకు 50 వేలు. లక్షకు రెండు కాసులు కూడా రాని రోజులు వచ్చాక 40 గ్రాములన్న మాటకు అర్థమే లేకుండా పోయింది. 2026 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త బ్యాగేజీ నిబంధనల్లో ఆ విలువ పరిమితి తీసేశారు, ఇప్పుడు బరువే చూస్తారు. ఎప్పుడో చేయాల్సిన మార్పు ఇది. పాత వీడియోలు చూసి ఇంకా లక్ష దగ్గరే ఆగిపోతున్నవాళ్లు ఇది గమనించాలి.

ఈ ఉచితం ఆభరణాలకే. కాసు బిళ్లలు, బిస్కెట్లు ఇందులోకి రావు. భార్యాభర్తల వాటాలు కలిపేసి 60 గ్రాముల హారం ఒకటి తెస్తామంటే కుదరదు. ఎవరి వాటా వారిదే.

ఏడాది నిండకపోయినా ఆరు నెలలు దాటితే రెండో తలుపు తెరుచుకుంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు, భారత మూలాలున్నవారు కనీసం ఆరు నెలలు విదేశంలో ఉండి వస్తే, కిలో వరకు బంగారాన్ని తగ్గింపు సుంకంతో తెచ్చుకోవచ్చు. 2024 జూలై బడ్జెట్‌లో బంగారం సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి దించారు. ఈ అంకె మారుతూ ఉంటుంది కాబట్టి, టికెట్ తీసుకునే వారంలో కస్టమ్స్ వ్యవహారాలు చూసే కేంద్ర బోర్డు సీబీఐసీ వెబ్‌సైట్లో ఒకసారి చూసుకోండి.

ఎక్కువమంది తడబడేది ఈ ఆరు నెలల దగ్గరే. ఆ ఆరు నెలల మధ్యలో ఊరికి వచ్చి వెళ్లిన రోజులన్నీ కలిపి 30 దాటకూడదు. కువైట్‌లో పనిచేసే అతను సంక్రాంతికి 20 రోజులు, చెల్లెలి పెళ్లికి 15 రోజులు వచ్చి వెళ్లాడనుకోండి. మొత్తం 35 రోజులు. తగ్గింపు రేటు పోయినట్టే. ఆ మధ్య రాకల్లో ఒకసారి ఈ తగ్గింపు వాడుకుని ఉన్నా ఇప్పుడు కుదరదు. పాస్‌పోర్టులో ముద్రలు చూసి, రోజులు కాగితం మీద వేసుకుని గానీ దుకాణంలో అడుగు పెట్టకండి.

మన అభిరుచికి అడ్డొచ్చే షరతు ఇంకొకటుంది. రాళ్లు, ముత్యాలు పొదిగిన నగలకు ఈ తగ్గింపు లేదు. కెంపుల హారం, ముత్యాల బుట్టలు, పచ్చల నెక్లెస్ అన్నీ బయటే. సాదా గాజులు, గొలుసులు, రాళ్లులేని వడ్డాణం అయితే సరే. పైగా ఈ సుంకాన్ని విదేశీ కరెన్సీలోనే కట్టాలి. జేబులో దిర్హాములన్నీ మార్చేసుకుని రూపాయలతో దిగితే కౌంటర్ దగ్గర ఇబ్బంది పడతారు. కాబట్టి సుంకానికి సరిపడా దిర్హాములో డాలర్లో విడిగా పెట్టుకోండి.

ఇక వారం పదిహేను రోజుల టూరుకు వెళ్లొచ్చేవాళ్లు. వాళ్లకు పై రెండు తలుపులూ మూసే ఉంటాయి. 35 శాతం సుంకం, దాని మీద 10 శాతం సంక్షేమ సర్‌ఛార్జీ, వెరసి 38.5 శాతం. లెక్క సులువుగా ఉండడానికి గ్రాము 10,000 అనుకుందాం. 64 గ్రాముల సాదా గాజులు, అంటే ఎనిమిది కాసులు. మూడేళ్లు ఉండి వచ్చిన ఆవిడకు 40 గ్రాములు ఉచితం పోను 24 గ్రాములు మిగులుతాయి. తగ్గింపు సుంకం 6 శాతమనుకుంటే 2,40,000 మీద 14,400. అవే గాజులు టూరుకు వెళ్లిన ఆవిడ చేతికి ఉంటే, మామూలు సామాను మినహాయింపు పక్కనపెట్టి చూస్తే 6,40,000 మీద 2,46,400. దుబాయ్ షాపులో దొరికే రేటు తేడా, తక్కువ మజూరీ, అక్కడి 5 శాతం వ్యాట్‌లో వెనక్కి వచ్చేది, ఇవన్నీ కలిపినా ఇంత సుంకానికి సరిపోవు. టూరుకు వెళ్లి బంగారం కొనడం లాభం కోసమైతే వద్దనే చెబుతాను. అక్కడి డిజైన్ మీద ఇష్టంతో కొంటే అది వేరే సంగతి.

వ్యాట్ వెనక్కి తీసుకునేవాళ్లు అక్కడి విమానాశ్రయంలో లగేజీ ఇచ్చేయకముందే బిల్లుకు ధ్రువీకరణ వేయించుకోవాలి. నగ చూపించమని అడగొచ్చు, కాబట్టి దాన్ని సూట్‌కేసులో పడేయకండి. నగదు, నగలు, బంగారం విలువ 60,000 దిర్హాములు దాటితే బయల్దేరేటప్పుడు అక్కడి కస్టమ్స్‌కూ చెప్పాలి.

"బిల్లు తక్కువకి రాయించుకుంటే సరి" అనే సలహా వినకండి. తగ్గింపు రేటు బంగారానికి సుంకం మీ బిల్లు మీద వెయ్యరు. పదిహేను రోజులకోసారి ప్రభుత్వం 10 గ్రాములకు ఇన్ని డాలర్లని టారిఫ్ విలువ ప్రకటిస్తుంది. దాన్ని కస్టమ్స్ మారక రేటుతో రూపాయల్లోకి మార్చి లెక్క కడతారు. తక్కువ బిల్లు వల్ల సుంకం తగ్గదు, మీ మాట మీద నమ్మకం మాత్రం పోతుంది. బిల్లు పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే ఉండాలి. అందులో క్యారెట్, స్థూల బరువు, రాళ్లు పోను నికర బరువు, మజూరీ విడివిడిగా రాయించండి. నల్లపూసల గొలుసులాంటి వాటికి నికర బరువు రాసి లేకపోతే పూసల బరువు కూడా బంగారం లెక్కలోకి వచ్చే ప్రమాదముంది.

దిగాక ఏం చేయాలన్నది కష్టమేమీ కాదు. కస్టమ్స్ శాఖ వారి అతిథి యాప్‌లో ముందే డిక్లరేషన్ నింపుకోవచ్చు, లేదా దిగాక ఫారం నింపొచ్చు. లగేజీ తీసుకుని నేరుగా సుంకం కట్టాల్సినవారి దారి, అంటే రెడ్ ఛానెల్‌కు వెళ్లాలి. నగలన్నీ ఒకే చిన్న పెట్టెలో, బిల్లులు పైన, చేతిసంచిలో ఉంటే పని త్వరగా తెములుతుంది. అధికారులు నాణ్యత, బరువు చూసి సుంకం చెబుతారు. కట్టాక బ్యాగేజీ రసీదు ఇస్తారు. అందులో నగ వివరం, బరువు సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే నిలబడి చదవండి. గ్రీన్ ఛానెల్‌లో అడుగు పెట్టడమంటే "సుంకం కట్టాల్సినదేమీ నా దగ్గర లేదు" అని చెప్పినట్టే. ఆ గీత దాటాక ఆపితే "కట్టేద్దామనే అనుకున్నానండీ" అన్న మాట చెల్లదు.

ఇంకొకరి నగ మాత్రం తేకండి. "అక్కా, ఈ గొలుసు మా అమ్మకిచ్చెయ్యరూ" అని విమానాశ్రయం దాకా వచ్చి చేతిలో పెడతారు. మొహమాటపడి తీసుకుంటే చట్టం దృష్టిలో తెచ్చింది మీరే. సుంకమైనా జరిమానా అయినా మీ పేరు మీదే పడుతుంది.

అమెరికాలో కూతురి పురుడికి వెళ్లే అమ్మానాన్నలకు వచ్చే తంటా దీనికి తిరగబడి ఉంటుంది. వాళ్లు అక్కడ కొనేదేమీ ఉండదు, ఇక్కడి నుంచి వేసుకెళ్లిన నగలే ఆరు నెలల తర్వాత తిరిగొస్తాయి. అవి పాతవేనని చూపడానికి వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యూయర్‌తో బరువు, విలువ రాయించి, ప్రతి నగకూ ఫొటో తీసి, పాత బిల్లులుంటే అవీ, పాస్‌పోర్టు, టికెట్ నకళ్లు పట్టుకుని విమానాశ్రయానికి మామూలు కన్నా గంటన్నర ముందే చేరాలి. నగలు చెకిన్ లగేజీలో ఉండకూడదు, అధికారి కళ్లతో చూడాలి. "గాజులు 6, 48.200 గ్రాములు, మీద లతల చెక్కుడు" అన్నంత వివరంగా రాయిస్తేనే తిరిగొచ్చినప్పుడు పోలిక కుదురుతుంది. అక్కడ ఉండగా ఆ గాజులు మార్చి కొత్త డిజైన్ తీసుకున్నారో, ఆ పత్రం వాటికి పనికిరాదు.

మనకు మరో చిక్కు ఉంది. శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో దిగి, గన్నవరానికి విమానం మారేవాళ్లు "మన ఊళ్లో చెప్పుకుందాంలే" అనుకుంటారు. మామూలుగా కస్టమ్స్ ముగిసేది మీరు మొదట దిగి లగేజీ తీసుకున్న విమానాశ్రయంలోనే. అక్కడి నుంచి గన్నవరం విమానం ఎక్కారంటే మీరు దేశీయ ప్రయాణికులే. కాబట్టి రెండు విమానాల మధ్య కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి. నగను అక్కడ ఆపితే అది అక్కడే ఉంటుంది. విజయవాడలో కస్టమ్స్ ప్రివెంటివ్ కమిషనరేట్ ఉన్నా శంషాబాద్ నగ ఇక్కడికి రాదు, ప్రతి వాయిదాకూ మీరే వెళ్లాలి.

ఆపితే డిటెన్షన్ రసీదు చేతికి రాకుండా కదలకండి. నగ వివరం, బరువు, తేదీ అందులో ఉండాలి. సంజాయిషీ అడిగే షోకాజ్ నోటీసు వద్దని ముందే అచ్చువేసిన కాగితం మీద సంతకం పెట్టమంటే చదివి, అర్థమైతేనే పెట్టండి. స్వాధీనం చేసుకున్న సరుకుకు ఆరు నెలల్లో నోటీసు ఇవ్వాలి. అధికారులు ఆ గడువును ఇంకో ఆరు నెలలు పొడిగించవచ్చు. తీర్పు వచ్చాక సుంకం, విడుదల జరిమానా, పెనాల్టీ కట్టి విడిపించుకునే వీలు ఇవ్వొచ్చు. ఒప్పుకోకపోతే 60 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్‌కు వెళ్లాలి. నిజం చెప్పి రెడ్ ఛానెల్‌కు వెళ్లినవారికి ఇంకో దారి కూడా ఉంది. సుంకం కట్టడం ఇష్టం లేకపోతే నగను కస్టమ్స్ దగ్గరే ఉంచి, తిరిగి విదేశం వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చు. సెలవుకు వచ్చి వెళ్లేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

పెళ్లయిన ఆడవాళ్లకు 500 గ్రాములు, పెళ్లికానివారికి 250, మగవాళ్లకు 100 అన్న మాట మనవాళ్ల నోట తరచు వినిపిస్తుంది. అది విమానాశ్రయానికి సంబంధించింది కానే కాదు. ఆదాయపు పన్ను వాళ్లు ఇంట్లో సోదా చేసినప్పుడు జప్తు చేయకుండా వదిలే పరిమాణం గురించి 1994లో వచ్చిన సూచన. దాన్ని నమ్మి అర కిలో ఒంటిమీద వేసుకుని దిగితే చేదు అనుభవమే.

సుంకం కట్టిన రసీదు నగ ఉన్నంత కాలం ఉండాలి. మళ్లీ విదేశం వెళ్లేటప్పుడు ఎగుమతి ధ్రువపత్రానికీ, అమ్మేటప్పుడు కొన్న ధర చూపడానికీ అదే ఆధారం. కొన్ని దుకాణాల బిల్లులు థర్మల్ కాగితం మీద వస్తాయి, మన ఎండలకు రెండు మూడేళ్లలో అక్షరాలు చెరిగి తెల్లకాగితం మిగులుతుంది. ఇంటికి రాగానే బిల్లూ రసీదూ జిరాక్స్ తీయించి, నకళ్లను నగతో పాటు లాకర్లో పెట్టండి.